నురగ

తెల్లారి ఐదింటికి కబేళా వెనక గుమ్మం దగ్గర
ఐసు పెట్టెతో నిలబడతాను.
మోంతెవిదియోలో జులై అంటే
ముక్కు చివర ఉందో లేదో తెలియని చలి.
నది, సముద్రమంత నది, ఇంకా నల్లగానే ఉంటుంది.
బౌతిస్తా సంచీ అందిస్తూ రోజూ ఒకటే హాస్యం:
"పన్నెండు చూపులు. లెక్క చూసుకో."

ఎద్దుల కళ్ళు. ఇంకా గోరువెచ్చగా.
బస్సులో ఒళ్ళో పెట్టుకుంటే
పక్కసీటు పిల్లాడు పెట్టె వాసన చూసి అడిగాడు, చేపలా అని.
అవునన్నాను.

ల్యాబులో ఎర్రదీపం కింద
తడిసిన సిగరెట్ కాగితంలాంటి పొరని
కుంచెతో ఒలుస్తాను.
రెటీనా.
చేరిన కొత్తలో ఈ మాట నమ్మలేదు నేను:
చీకట్లో అది వాగుతూనే ఉంటుందట,
వెలుగు తగిలితే గొంతు తగ్గిస్తుందట.
చూడటమంటే
ఆ గొణుగుడులో ఎక్కడ ఖాళీ పడిందో కనిపెట్టడమేనట.

అంత మాటకి అంత ఊపిరి కావాలి.
ఊపిరి ఊదిన చోట రవ్వలు లేస్తాయి.
అన్నం వండే పొయ్యే కదా
కొంగూ కాలుస్తుంది.

తెర మీద గీత:
ముందు చిన్న గుంట, వెంటనే మిట్ట.
ఒక్క చుక్క పెరాక్సైడు వేస్తాను.
మిట్ట అరుగుతుంది,
ఎవరో రోజూ దాని మీద నడిచినట్టు.
చచ్చిపోలేదు పొర. మాట నంగినంగిగా పడుతోందంతే,
పక్షవాతం మనిషి తన పేరు చెప్పబోయినట్టు.

ఇంకో గిన్నెలో ముందే కెటలేజ్ కలిపి ఉంచాను.
అదే చుక్క.
మిట్ట నిలిచింది. మొత్తం కాదు,
ముప్పావు.
ముప్పావుకే నేను కుర్చీలోంచి లేచాను.

మా నాన్న గుమెర్సిందో
నలభై ఏళ్ళు ఆ కబేళాలోనే కత్తి పట్టాడు.
బొటనవేలు తెగి వచ్చిన రాత్రి
అమ్మ గోధుమరంగు సీసా వంచింది.
గాయం మీద బుసబుసా తెల్లటి నురగ.
"చూడు, చెడంతా పైకొస్తోంది" అంది అమ్మ.
ఇరవై ఏళ్ళకి తెలిసింది నాకు:
అది చెడు కాదమ్మా,
ఆయన నెత్తుట్లో కూలీలు
విషాన్ని నీళ్ళూ గాలీ చేస్తున్న చప్పుడు.

కంట్లోనూ వాళ్ళే.
ఒకడు రవ్వని పట్టి పెరాక్సైడు చేసి పక్కకి తోస్తాడు.
అది సగమే ఆరిన నిప్పు.
మిగతా సగం రెండోవాడిది.
రెండోవాడు రాని రోజు
మొదటివాడి పనితనమే కొంప ముంచుతుంది.
నాన్నకి ఇది చెబితే తల ఊపాడు:
"మా లైన్లోనూ అంతే.
నా కోత బాగానే ఉండేది.
కడిగేవాడు తాగొచ్చిన రోజు మాంసమంతా పాడు."

ఆయనకిప్పుడు చూపు
తాళంచెవి కన్నమంత.
నరం పాలిపోయిందన్నాడు డాక్టరు.
మాతే గిన్నెలో వెండి గొట్టాన్ని
కళ్ళతో కాదు, పెదాలతో వెతుక్కుంటాడు.
కంటికి రెప్పలా అంటారు గానీ
రెప్ప ఆపేది దుమ్మునే.
లోపలి సెగకి రెప్పేది?

ఆదివారం అడిగాడు, సిగ్గుపడుతూ,
అప్పు అడిగినట్టు:
"ఆ మందు... నా కంట్లో ఓ చుక్క వెయ్యకూడదూ?"

గిన్నె కన్ను కాదు నాన్నా.
ఎద్దు నువ్వు కాదు.
వేసినా దారిలోనే చచ్చిపోతుంది, లోపలికి చేరదు.
ఇవన్నీ చెప్పాను. ఇంకా ఎక్కువే చెప్పాను.
ఆయన వింటూ
బొటనవేలి మీది పాత మచ్చని రుద్దుకుంటున్నాడు.

"దీపం ఆర్పు," అన్నాడు, "కళ్ళకి బడలికగా ఉంది."
ఆర్పాను.
ఆర్పాక గుర్తొచ్చింది, విశ్రాంతి కాదది.
చీకట్లో ఆయన కళ్ళు ఇంకా గట్టిగా మాట్లాడుతుంటాయి,
మోసుకుపోయే తీగలే తక్కువ.

కాసేపయ్యాక ఆ చీకట్లోంచే అడిగాడు:
"రేపు ఎన్నింటికి?"
ఐదింటికి.
"నాలుగింటికే లేపుతాను.
ఐసు మర్చిపోకు."